సందువైపు కొళాయి

బోడి కొళాయి కోసం ఇంత రాద్ధాంతమా అని మాత్రం అనకండి వదినా! ఆ మాట ఈపాటికి వీధి వీధంతా అనేసింది. మీ తమ్ముడు అనేశాడు. ఆఖరికి ఉత్తరాలిచ్చే మనిషి కూడా గేటు మీద చెయ్యేసి, పోనీలెండమ్మా, నీళ్లే కదా అని నీతులు చెప్పి వెళ్లాడు. నీళ్లే కదా! అవును మరి, కొళాయి తనది కానప్పుడు ఎవరికైనా అవి నీళ్లే.

కూర్చోండి. అయ్యో, ఆ కుర్చీలో కాదు, అందులో ఇస్త్రీ చేసిన కోట్లున్నాయి. ఇలా మిషను పక్కకి రండి. టీ పెట్టనా? వద్దా? అంతేలెండి. తగువు తీర్చడానికి వచ్చినవాళ్లు టీ తాగితే ఒక పక్కకి మొగ్గినట్టుంటుంది.

మీరెందుకొచ్చారో నాకు తెలీదా ఏంటి! మీ తమ్ముడు ఫోన్ చేశాడు. నా ఎదురుగా ఉంటే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టుండే మనిషికి, ఫోన్ చేతికందితే ఎక్కడలేని మాటలూ వస్తాయి. ఏం చెప్పాడు? నేను తరిమేశానన్నాడా? అనలేదా? మరి? కొన్నాళ్లు ఇక్కడే ఉంటానన్నాడా! ఇక్కడే అంటే ఎక్కడో చెప్పాడా మీకు?

అదిగో, ఆ కిటికీలోంచి చూడండి. అటు కాదు, గోడ అవతల. నీలం తలుపు. కనపడ్డాడా? మెట్టు మీద కూర్చుని, ఒళ్లో పావురాన్ని పెట్టుకుని, దాని కాలికేదో చుడుతున్నాడు చూడండి. అదీ మీ తమ్ముడి సంసారం! అలిగిన మొగుళ్లు ఊళ్లు పట్టుకు పోతారని విన్నాను. నా మొగుడు అలిగి గోడ దాటాడు. పోయినవాడు కనపడకుండానైనా పోలేదు. నేను మిషను మీద కూర్చుంటే చాలు, తలెత్తితే ఆయన వీపే.

సరే, మొదట్నుంచీ చెబుతాను వినండి. మధ్యలో మాత్రం ‘అయినా’ అనకండి. ఎవరైనా ‘అయినా’ అన్నారంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

పోయిన ఎండాకాలం దిగాడు ఆ పక్కింట్లోకి. ఒంటి మనిషి. ఎక్కడో ఓడల్లో వంట చేసేవాడట. మనిషి సామాను ఒక ట్రంకు పెట్టె, పావురాల సామాను ఒక లారీడు. పేరేదో చెప్పాడు గానీ నా నోట నిలవలేదు. వీధిలో అందరూ పావురాలాయన అంటారు, నేనూ అదే అంటాను. ఆ మాత్రం మర్యాద చాలు.

దిగిన రోజే, వాళ్లింట్లో కొళాయి పనిచెయ్యడం లేదు, ఒక్క బకెట్ పట్టుకోవచ్చా అని అడిగాడు. మీ తమ్ముడు సందులోనే ఉన్నాడు. మారుమాట లేకుండా కొళాయి తిప్పాడు. నేనూ ఏమీ అనలేదు వదినా. బకెట్ నీళ్లకి కాదనడానికి నేనేమైనా రాక్షసినా?

ఏకులా వచ్చాడు, మేకై కూర్చున్నాడు. ఒక్క బకెట్ కాస్తా నాలుగైంది. తర్వాత డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చాడు. ఆ తర్వాత ఒక పొద్దున నేను సందులోకెళ్లేసరికి నా కొళాయికి ఆకుపచ్చ పైపు! ఊరికే తగిలించి కాదు, క్లిప్పు పెట్టి బిగించేశాడు. ఆ పైపు గోడెక్కి, అవతలికి దిగి, ఆయనగారి గూళ్ల దాకా వెళ్లిపోయింది. ఆవుకి పలుపు వేసి తోలుకుపోయినట్టు నా కొళాయిని తోలుకుపోయాడు.

అడిగాను. మెత్తగానే అడిగాను, మీ మీద ఒట్టు. మీ కొళాయి బాగుచేయించుకోలేదా అండీ అన్నాను. ఆయనేమన్నాడో తెలుసా? చేయించానండీ, కానీ మా వైపు సన్నగా వస్తాయి, మీ వైపు ధార బాగుంటుంది అన్నాడు. ధార బాగుంటుందట! ఎదుటివాళ్ల పొయ్యి బాగా మండుతుందని మన గిన్నె తీసుకెళ్లి దాని మీద పెడతామా?

మీకు నా పని తెలుసుగా. ఆసుపత్రికి కోట్లు. బట్ట తెచ్చాక ముందు తొట్టిలో నానెయ్యాలి, ఆరెయ్యాలి, ఆ తర్వాతే కత్తెర పెట్టాలి. లేకపోతే ఒక్క ఉతుకుకే ముడుచుకుపోయి, డాక్టరుగారి కోటు కాస్తా బొమ్మకి తొడిగే చొక్కా అవుతుంది. ఆయన బయట కొళాయి తిప్పాడంటే లోపల నా తొట్టిలో నీళ్లు దారప్పోగంత. ఆయన గూళ్లు కడిగినంతసేపూ నేను చేతులు ముడుచుకు కూర్చోవాలి. నా ఇంట్లో, నా నీళ్ల కోసం, ఆయన పావురాల స్నానం అయ్యేదాకా!

ఇక ఆ పక్షులు! నేను తాడు మీద తెల్లబట్ట ఆరెయ్యడం, అవి వచ్చి దాని మీద వాలడం. రంగుబట్ట ఆరేసిన రోజున ఒక్కటీ రాదు చూడండి. తెలుపంటే చాలు, చుట్టాలింటికొచ్చినట్టు వచ్చేస్తాయి. నేనెంత చూసుకున్నా ఒకసారి ఒక కోటు కాలరు కింద మరక ఉండిపోయింది. అది చూసి కట్టంతా వెనక్కి పంపేశారు. ఆసుపత్రి స్టోరు చూసే ఆవిడ నా మొహం మీదే అంది, మీ చేతి కుట్టు బాగుంటుందని ఇన్నాళ్లూ మీకిచ్చాం, ఆసుపత్రి కోటు మీద రెట్టలేంటమ్మా అని. ఇప్పుడు సగం కోట్లు ఇంకో ఆవిడ కుడుతోంది. ఆవిడ కాజాలు చూశారా మీరు? బొత్తాం ఒకవైపు చూస్తుంది, కాజా ఇంకోవైపు. అలాంటి ఆవిడకి పోయింది నా పని.

ఇదంతా మీ తమ్ముడికి చెప్పాను. ఏమన్నాడంటారు?

‘ఊఁ’ అన్నాడు.

మీ తమ్ముడి ‘ఊఁ’ సంగతి మీకూ తెలుసుగా. బావిలో రాయేస్తే అదైనా బుడుంగుమంటుంది. ఈయన దగ్గర అదీ ఉండదు.

ముందు ఇలా ఉండేవాడా వదినా? మీరే చెప్పండి. ఆ లిఫ్టుల పని చేసినన్నాళ్లూ ఇంటికొచ్చాడంటే నోరు మూతపడేది కాదు. ఫలానా మేడలో లావుపాటాయన రెండంతస్తుల మధ్య ఇరుక్కుని పాటలు పాడాడని, ఎవరో కుక్కని లోపల మర్చిపోతే అది పైకీ కిందకీ తిరుగుతూనే ఉందని... నేను కుడుతూ కుడుతూ నవ్వలేక మిషను ఆపేసేదాన్ని. ఆ ప్రమాదం జరిగింది, ఆ తోటి మెకానిక్కు పోయాడు, ఈయన భుజం విరిగి ఇంటికొచ్చాడు. భుజం అతుక్కుంది. నోరు అతుక్కోలేదు. ఏం జరిగిందండీ అని అడిగాను, ఒకసారి కాదు, ఎన్నిసార్లో. తాడు తెగింది, అంటాడు. అంతే. తాడు తెగిందని కంపెనీవాళ్లు చెప్పలేదా నాకు? మీరెలా ఉన్నారు, మీకేమనిపిస్తోంది అంటే, ఊఁ.

సరేలే, మనిషి బతికొచ్చాడు, అదే పదివేలు అనుకున్నాను. ఊఁ తోనే కాపురం చేశాను.

అలాంటిది, ఒకరోజు పొద్దున మిషను తొక్కుతున్నాను. బయటెవరో నవ్వుతున్నారు. పగలబడి, దగ్గొచ్చేలా నవ్వడం. మిషను ఆపేశాను. ఎవరబ్బా ఈ నవ్వు, ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. సందులోకి తొంగిచూస్తే, కొళాయి దగ్గర నా మొగుడు! గోడకి ఆనుకుని, చేతులూపుకుంటూ, ఆ కుక్క కథే చెబుతున్నాడు. అదే, లిఫ్టులో తిరిగిన కుక్క. పావురాలాయన బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చుని వింటున్నాడు. కొళాయి దాని పాటికది కారుతోంది.

నన్ను చూశారు. ఇద్దరూ టక్కున ఆపేశారు, బళ్లోకి టీచరమ్మ వచ్చినట్టు.

ఏంటి, ఏమంటున్నారు? సంతోషించాల్సింది అంటారా? ఆహా! మీకు చెప్పడం తేలిక వదినా. మీ ఇంట్లో అన్నం తినని మనిషి పక్కింట్లో విస్తరి నాకుతుంటే మీరు సంతోషిస్తారేమో. నేను అంత గొప్పదాన్ని కాదు.

ఆ వారమే కొళాయి పిడి ఊడదీసి నా బొత్తాల డబ్బాలో పడేశాను.

మర్నాడు పొద్దున మళ్లీ నీళ్ల చప్పుడు! పరిగెత్తాను. పట్టకారుతో తిప్పుతున్నాడు. నన్ను చూసి నవ్వుతూ, పిడి ఎక్కడో ఊడి పడిపోయినట్టుందండీ, బజారుకెళ్లినప్పుడు కొత్తది తెచ్చిపెడతాను అన్నాడు.

ఊడిపోలేదు, నేనే ఊడదీశాను అన్నాను.

అయ్యో, ఎందుకండీ అన్నాడు.

మీకోసమే అన్నాను.

ఎండలు ముదురుతున్నాయమ్మా, మూగజీవాలు అన్నాడు. అవి మూగవి కావు, పొద్దున్నే మా కప్పు మీద కూర్చుని గురగురలాడి చంపుతున్నాయి అన్నాను. అప్పుడు తత్వం అందుకున్నాడు. నీళ్లు ఎవరి సొత్తమ్మా, పైనుంచి పడేవే కదా అన్నాడు. అయితే పైనుంచి పడ్డప్పుడే పట్టుకోండి, నా గొట్టంలోకి వచ్చాక కాదు అన్నాను. బాగా అన్నానా లేదా? మీకు నవ్వొస్తోంది, పెదవి బిగబట్టారు గానీ. నవ్వండి, పర్లేదు.

తర్వాత కొళాయి చుట్టూ ఇనప పెట్టె పెట్టించి తాళం వేశాను. హాయిగా ఉంది కొన్నాళ్లు. తొట్టి నిండింది, బట్ట నానింది. ఆ ముదనష్టపు మాటలూ నవ్వులూ లేవు. మీ తమ్ముడు సందులోకి వెళ్లడం, పెట్టెని చూడటం, లోపలికొచ్చి కూర్చోవడం. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

మళ్లీ మొదలైంది చప్పుడు. ఈసారి తాళం పగలగొట్టి ఉంటాడు, ఇవాళ వీడి సంగతి తేలుస్తాను అనుకుంటూ కత్తెర చేత్తోనే వెళ్లాను. తాళం పగలలేదు వదినా. శుభ్రంగా తీసి, గడియకి తగిలించి ఉంది. పావురాలాయన జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. మచ్చలేని మొహం పెట్టి, అయ్యగారే చేయించి ఇచ్చారండీ, మీకు తెలిసే అనుకున్నాను అన్నాడు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, నేను పట్టుకున్నాను. లోపలికొచ్చి నిలదీశాను. నా పని పోతుంటే కనపడలేదు. నా బట్ట పాడవుతుంటే కనపడలేదు. ఆయన పావురాలకి దాహమేస్తే మాత్రం మీరు తాళాల షాపు దాకా నడిచి వెళ్లారా! ఇంతకీ మీరు నా మొగుడా, ఆయన మొగుడా అని అడిగేశాను. అవును, అన్నాను. వెనక్కి తీసుకోను.

అప్పుడు నోరు విప్పాడు మహానుభావుడు. ఆ కొళాయి కట్టెయ్యకు అన్నాడు.

ఎందుకు కట్టెయ్యకూడదు?

కట్టెయ్యకు, అంతే.

కారణం చెప్పండి అన్నాను. చెప్పలేదు. నేను ఎదురుగా నిలబడే ఉన్నాను వదినా, ఏదో అనబోయి మింగేశాడు. పోనీ ఆ రెండు మాటలూ కక్కొచ్చుగా! నాకూ పంతం వచ్చింది. కారణం చెప్పని మనిషి మాట నేనెందుకు వినాలి, రేపే పైపు కోయించేస్తాను చూడండి అన్నాను.

లేచాడు. తలగడ చంకలో పెట్టుకున్నాడు. రేడియో తీసుకున్నాడు. చెప్పులేసుకుని, గేటు తీసుకుని, చుట్టు తిరిగి పక్కింటికి వెళ్లాడు. ఏదో ఊరెళుతున్నట్టు గేటు మళ్లీ జాగ్రత్తగా వేసి మరీ వెళ్లాడు.

నేను అన్నమాట ప్రకారం మర్నాడే పైపులవాణ్ణి పిలిచాను. గోడకి సమంగా కోసి, మూత బిగించమన్నాను. ఖాయంగానేనా అమ్మా, మళ్లీ కావాలంటే గోడ తవ్వాలి అన్నాడు. ఖాయంగానే అన్నాను. కోసిన కొళాయి నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఏం చేసుకుంటాను దాన్ని! పాతసామానోడికి వేసేశాను.

ఆ తర్వాత నేనేం చూశానో చెప్పనా? వీధి చివర కొళాయి నుంచి ఇద్దరూ నీళ్లు మోస్తున్నారు. పావురాలాయన చేతిలో రెండు క్యాన్లు, మీ తమ్ముడి చేతిలో ఒకటి. ఆ భుజంతో! తొట్టి కాస్త జరపండీ అంటే భుజం పట్టుకుని చూపించిన మనిషి, ఒకపక్కకి ఒరిగిపోతూ, ఎండలో, నా కిటికీ ముందు నుంచే, పావురాలకి నీళ్లు మోస్తున్నాడు. ఒక్కసారైనా ఇటు తిరిగి చూడలేదు. ఆ రోజు కోటుకి రెండు చేతులూ ఎడమవైపువే కుట్టేశాను వదినా. అది విప్పుతూ కూర్చున్నాను సాయంత్రం దాకా.

అక్కడితో అయిపోయిందనుకోకండి. అసలు సంగతి ఇప్పుడొస్తోంది.

నిన్న ఆ పావురాలాయన నా గేటు దగ్గరికి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అమ్మా, నాకు మీ నీళ్లొద్దు, మా వైపు పెద్ద పైపు వేయించుకుంటున్నాను, ఆయన్ని ఇంటికి తీసుకెళ్లండి అన్నాడు. నేను చెప్పి చూశాను, మీరు పిలిస్తే వస్తారు అన్నాడు.

నా మొగుణ్ణి నాకు దానమిస్తాడా! ఎంత కండకావరం! నా కొళాయి వాడుకున్నాడు, నా పని చెడగొట్టాడు, నా ఇంట్లో మాటని గోడ దాటించాడు, ఇప్పుడు మనిషి ఎక్కువయ్యాడని తిరిగి ఇచ్చేస్తాడట. బకెట్ అరువు తీసుకున్నవాడు వాడకం అయ్యాక తెచ్చి గుమ్మంలో పెట్టినట్టు!

వెళ్లబోయి ఆగి ఇంకో మాట అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు. నిద్రలో కేకలేస్తున్నారమ్మా, ఆ లిఫ్టులో సంగతి మీకు తెలుసు కదా, ఒక్కణ్ణీ నేను సముదాయించలేకపోతున్నాను అన్నాడు.

మీకు తెలుసు కదా!

నేనేమన్నానంటే... ఆ, తెలుసు అన్నాను. ఎందుకు తెలీదు, కట్టుకున్నదాన్ని నాకు కాక ఎవరికి తెలుస్తుంది, మీ పని మీరు చూసుకోండి అన్నాను. తలుపు వేసుకున్నాను. అబద్ధం వదినా. నాకేమీ తెలీదు. తాడు తెగింది, అంతే తెలుసు. ఆ పరాయివాడి ముందు, నాకు తెలీదు అనడానికి నోరు రాలేదు. అప్పట్నుంచి కుట్టు లేదు, తిండి లేదు. ఏముంది ఆ లిఫ్టులో? ఆ పక్షులాయనకి తెలిసింది, నాకు తెలియంది, ఏముంది?

మీకేమైనా తెలుసా?

ఏంటి, కిటికీ వైపు చూస్తారు? ఇటు చూడండి. వదినా! మిమ్మల్నే అడుగుతున్నాను.

అమ్మో... మీకూ తెలుసు.

మీకూ తెలుసు! ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. కాదు, ఇప్పుడు టీ వద్దు. లేవకండి. చెప్పి కదలండి. ఆయన చెప్పొద్దన్నాడా? ఆయన ఇక్కడ లేడుగా! చెప్పండి.

ఊఁ. లిఫ్టు పెట్టె మీద నిలబడి ఇద్దరూ పనిచేస్తున్నారు. అది నాకూ తెలుసు. తాడు తెగింది... పెట్టె కిందదాకా పడలేదా? మధ్యలోనే వాలిపోయి ఇరుక్కుందా? ఆగండి ఆగండి. ఆ తోటి మనిషి పడీపడగానే పోయాడు కదా! కంపెనీవాళ్లు నాతో అలాగే కదా చెప్పింది. నేను వాళ్లావిడ దగ్గరికి వెళ్లి, చేతులు పట్టుకుని, బాధపడకుండా పోయాడమ్మా అదొక్కటే నయం అని చెప్పొచ్చాను కదా!

పోలేదా?

ఎంతసేపు ఉన్నాడు?

మధ్యాహ్నం దాకానా... ఈయన పక్కనేనా? ఇద్దరూ, ఆ చీకటి గొయ్యిలో, ఒకరి మీద ఒకరు పడి... మాట్లాడుతూనే ఉన్నాడా ఆ మనిషి? ఏం మాట్లాడాడు?

నీళ్లా?

నీళ్లడిగాడా.

...ఈయన దగ్గర లేవు. సీసా ఎక్కడుంది? పై అంతస్తు లిఫ్టు గుమ్మంలో, వెలుతురులో, సంచీలో. కనపడుతోంది. ఈయనకి కనపడుతోంది, చెయ్యి అందట్లేదు. ఆ భుజం అప్పుడే... ఆ భుజంతో అందుకోబోయి... ఊఁ. ఊఁ. చాలు. అర్థమైంది. చాలు వదినా.

ఒక్క నిమిషం ఉండండి.

ఏమీ లేదు. కళ్లలో నూలు పడింది. ఈ గదినిండా నూలే.

అయితే అందుకన్నమాట, ఎవరో ముక్కూమొహం తెలియనివాడొచ్చి బకెట్ నీళ్లడిగితే మారుమాట లేకుండా తిప్పాడు. కట్టెయ్యకు అన్నాడు. తాళంచెవి చేయించాడు.

మీకెప్పుడు చెప్పాడు ఇది? ఆసుపత్రిలోనా? ఎప్పుడు, నేనక్కడే ఉన్నానుగా, మంచం పక్కనే ఉన్నానుగా! ...నేను మందులు తేవడానికి కిందికెళ్లినప్పుడా. బాగుంది. నేను మెట్లెక్కి వచ్చేసరికి చెప్పడం అయిపోయింది, కళ్లు తుడుచుకోవడం అయిపోయింది, మీరు నన్ను చూసి నవ్వు మొహం పెట్టారు. బత్తాయి రసం ఇమ్మన్నారు. నాకు గుర్తే. నేను గ్లాసు కడుక్కొచ్చి మరీ ఇచ్చాను!

నన్ను బాధపెట్టడం ఇష్టం లేకా? అబ్బబ్బ! ఎంత దయ! ఆయన ఊఁ లతో ఇన్నాళ్లు కాపురం చేశానే, అది బాధ కాదా? పక్క మీద అటు తిరిగి పడుకున్న వీపుని చూస్తూ, నేనేం తప్పు చేశానని తవ్వుకున్నానే, అది బాధ కాదా? నా కూరలో ఉప్పు తక్కువైందా, నా మాటలో పదునెక్కువైందా, నాకు వయసు మీద పడిందా, ఏమైందని మాట్లాడటం మానేశాడు అని... మీరు పండక్కో పబ్బానికో ఫోన్ చేసి, తమ్ముడు బాగున్నాడా అంటే, బాగున్నాడు అని చెప్పానే! మీకు అంతా తెలిసి కూడా, ఆహా అన్నారే!

నాకు చెప్పుంటే నేను కొళాయి కట్టేసేదాన్నా వదినా? ఊరందరికీ పైపులు వేసుకోమని గోడకి బెజ్జాలు కొట్టించేదాన్ని. కోట్లు పోతే పోయాయి, గుడ్డ ముడుచుకుంటే ముడుచుకుంది అనుకునేదాన్ని.

ఇప్పుడేంటి మరి? ఇప్పుడు తెలిసింది కాబట్టి గోడ తవ్వించి మళ్లీ కొళాయి పెట్టించమంటారా? అందుకేనా చేతులు నలుపుకుంటున్నారు?

పెట్టించను.

కాదు, వినండి. నిజం చెప్పనా మీకు? ఇందాకటి నుంచీ కోట్లు, మరకలు, ధార అని ఏకరువు పెట్టాను కదా. అవన్నీ నిజమే. కానీ అవి తర్వాత వచ్చాయి. ఆ నవ్వు విన్నానే, ఆ కుక్క కథ చెబుతూ నవ్వాడే, ఆ నిమిషమే అనుకున్నాను ఆ కొళాయి ఉండకూడదని. అప్పటికింకా ఒక్క కోటూ వెనక్కి రాలేదు. మరక పడ్డ రోజున నాకు లోపల్లోపల హమ్మయ్య అనిపించింది. ఇక నలుగురికీ చెప్పుకోదగ్గ కారణం దొరికింది కదా అని. నా పని పోయినందుకు నేనే హమ్మయ్య అనుకున్నాను. అంత కుళ్లు పట్టింది నాకు. చూసుకోండి మీ మరదల్ని.

అయినా పెట్టించను. ఆ, ఇప్పుడు నేనంటున్నాను ‘అయినా’!

ఎందుకంటే నాకింకా ఏమీ తెలీదు. మీరు చెప్పారు, అది మీ నోటి మాట. పావురాలాయన సగం చెప్పాడు, అది ఆయన నోటి మాట. నా మొగుడి నోటి నుంచి నేను వినలేదు. ఆ లిఫ్టులో ఏం జరిగిందో ఆయన నాకు చెప్పలేదు, కాబట్టి నాకు తెలీదు. అంతే లెక్క.

వెళుతున్నారా? వెళ్లండి. నీలం తలుపు తట్టండి. ఆయనతో చెప్పండి, మీ ఆవిడ పిలవట్లేదు అని చెప్పండి. బతిమాలట్లేదు, ఏడవట్లేదు. కోట్లు కుట్టుకుంటోందని చెప్పండి. రావాలంటే రమ్మనండి. వచ్చి నా ఎదురుగా కూర్చుని, ఆ పొద్దున ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి, ఆ మనిషి అడిగిన ప్రతి మాటా, ఈయన ఇచ్చిన ప్రతి జవాబూ చెప్పమనండి. మిషను ఆపేసి వింటాను. కేకలేస్తే వెయ్యమనండి, ఇది ఆయన ఇల్లే కదా, ఎవరికి భయపడి పక్కింట్లో వేస్తాడు కేకలు!

అప్పుడు పెట్టిస్తావా అంటారా?

మాటివ్వను. ఆ పక్కాయన ఎండాకాలం మొదలుకొని నాకు రావాల్సిన మాటలన్నీ బకెట్లకి బకెట్లు పట్టుకుపోయాడు వదినా. ఇంకా నీళ్లు కూడానా?